మా అత్తమ్మ, ఆరు తెల్లచీరలు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ఆ సంగతి మా కాలనీలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. అయినా ఊరు నాతో మంచిగానే ఉంది. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. ఆ మంచి అంతా మా అత్తమ్మ శాంతవ్వ ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి సంపాదించి పెట్టింది. దాన్ని నేను ఒక్క సాయంత్రంలో పోగొట్టబోయాను. ఎలా పోగొట్టబోయానో, ఎవరెవరు అడ్డుపడి ఆపారో చెప్పుకోవాలనే ఇది రాయిస్తున్నాను. నేను చెబుతుంటే మా భూమిక రాస్తోంది. మధ్యలో తిట్లు వస్తే తీసేయమని చెప్పాను.

మాది కామారెడ్డిలో ఇస్త్రీ బండి. రైల్వే స్టేషనుకు అవతలి వైపు ఒక కాలనీ మొదట్లో, రేకుల షెడ్డు కింద ఉంటుంది, దాని వెనకనే మా ఇల్లు. నా పేరు మహేశ్వరి. పుట్టినూరు బీబీపేట. పద్దెనిమిదేళ్ల కిందట నేను కోడలిగా వచ్చేనాటికే అత్తమ్మ ఈ మూల మీద స్థిరపడి ఉంది. అంతకుముందు ఆమె, మా మామ మైసన్న ఎల్లారెడ్డిలో ఇదే పని చేసేవాళ్లట. మామ పోయాక ఒక్క కొడుకును, ఒక ఇస్త్రీ పెట్టెను వెంటబెట్టుకుని బస్సెక్కి ఇక్కడికి వచ్చింది. ఆ ఎల్లారెడ్డి రోజుల గురించి నేనెప్పుడూ అడగలేదు. అత్తతో ఇప్పటి రోజులు గడపడమే కోడలికి పెద్ద పని, పాతవి తవ్వుకోవడం ఎందుకనుకున్నాను.

ఇస్త్రీ పనిలో అసలు కష్టం ఇస్త్రీ కాదు, ఎవరి బట్ట ఎవరిదో గుర్తుంచుకోవడం. పక్క వీధి బండివాళ్లు కాలరు లోపల నంబరు రాస్తారు, చీటీ గుచ్చుతారు. మా అత్తమ్మకు చదువు రాదు. చీటీ అంటే నామోషీ కూడా. ఆమెకు మనుషుల పేర్లతో పనిలేదు, ఇల్లు కావాలి. నీలం గ్రిల్లు ఇల్లు, మెట్ల కింద మోటారున్న ఇల్లు, కుక్క కరిచిన ఇల్లు. ప్రతి చొక్కా ఆమె మనసులో ఏదో ఒక ఇంటి దండెం మీద ఉండేది. కామారెడ్డి జిల్లా అయ్యాక ఉద్యోగులు పెరిగారు, కిరాయి ఇండ్లు పెరిగాయి. కిరాయికుండేవాళ్లు రెండేళ్లకో ఇల్లు మారతారు. వాళ్లు మారినప్పుడల్లా ఆమె వాళ్ల బట్టల్ని మనసులోనే పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి మార్చుకునేది. ఎనభై ఇండ్ల బట్టలు ఒక్కచోట కుప్పపోసినా గంటలో ఏరి మూటలు కట్టేది. నాకు ఆ విద్య అబ్బలేదు. నేను దొంగచాటుగా చీటీలు పెట్టేదాన్ని, ఆమె కంటపడితే పీకి పారేసేది.

మూడేళ్ల కింద మొదలైంది. అది జబ్బని మొదట్లో నాకు తట్టలేదు. అత్తాకోడళ్ల మధ్య ఏం జరిగినా దానికో కారణం ముందే తయారుగా ఉంటుంది కదా. ఒకరోజు అన్నం తిని, చేయి కడుక్కుని, పక్కింటి రామవ్వ దగ్గరికి పోయి కోడలు అన్నం పెట్టలేదని చెప్పింది. ఆ రోజు నేను చేసిన గొడవకు రామవ్వ ఇప్పటికీ నా మొహం చూసిగానీ మా గడప ఎక్కదు. ఇంకోరోజు ఉప్పు డబ్బా తీసుకుపోయి బియ్యం బస్తాలో దాచింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అనే సామెతను నేను పూటపూటా వినిపించేదాన్ని. ఒకప్పుడైతే ఆమె నాలుగింతలు తిప్పికొట్టేది. ఇప్పుడు నా మొహం చూసి ఊరుకునేది. నేను గెలుస్తున్నాననుకున్నాను.

తర్వాత బట్టలు తప్పడం మొదలైంది. బ్యాంకులో పనిచేసే సిద్దార్థ సారు ప్యాంట్లు వెనక వీధిలో ఎవరింట్లోనో తేలాయి. ఒక చంటిపిల్ల గౌన్లు, ఎవరూ ఉండని ఒక ఇంటి గేటుకు మూటగట్టి వేలాడాయి. నేను పోయి తెచ్చి, తప్పు నాదేనని చెప్పి ఇచ్చేదాన్ని. అత్తమ్మ మీద ప్రేమతో కాదు. మతి చెడిన మనిషి ఉన్న ఇంటికి ఎవరు బట్టలిస్తారు? మా భూమిక ఇంటర్ చదువుతోంది. రేపు దానికి సంబంధం వస్తే, వాళ్ల నాయనమ్మకు పిచ్చట అని ఎవరైనా అంటే ఏం కాను? ఆ భయంతో నోరు కుట్టుకున్నాను. నేను నోరు కుట్టుకున్నది నా జన్మలో ఆ ఒక్క విషయంలోనే.

మా ఆయన లక్ష్మణ్ వరికోత మిషన్ నడుపుతాడు. ఆయన పెద్దతనమని కొట్టిపారేశాడు. రామవ్వ మాత్రం గాలి సోకిందని తేల్చి, ఎవరో ఒకాయన దగ్గరికి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఆ సాయంత్రం అత్తమ్మ దాన్ని పట్టుకుని ఇదేందని నన్ను పద్నాలుగుసార్లు అడిగింది. పదిహేనోసారికి నేను తాయెత్తు తెంపేశాను.

అట్లా ఉండగా ఈస్టర్ వచ్చింది. రూత్ టీచర్ మా కాలనీలోనే ఉంటుంది. సర్కారు బడిలో చెబుతుంది, చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లకు పెద్ద. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో ఆరుగురూ ఒకే రకం చీర కట్టాలని, సన్న నీలం అంచున్న తెల్ల నూలుచీరలు ఆరు తెప్పించి, గంజి పెట్టించి, సోమవారం మా బండి మీద పెట్టి పోయింది. బుధవారం పొద్దునకు ఇస్త్రీ అయింది. నేను లోపల కూర దించి వచ్చేలోగా అత్తమ్మ మూట కట్టి చంకన పెట్టుకుని, టీచరమ్మకు ఇచ్చి వస్తానని బయలుదేరింది. టీచర్ ఇల్లు మూడు గేట్ల అవతలే. అంత దగ్గరికి పోతే ఏం తప్పుతుందిలే అనుకున్నాను.

ఆమె తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టారు. కాళ్ల నిండా దుమ్ము. అంతసేపు వెతకలేదా అని మీరడగొచ్చు. రామవ్వ ఇంట్లో పడుకుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ పూట బండి దగ్గర నిమ్మళంగా ఉందని సంతోషపడ్డాను కూడా. ఎక్కడికి పోయావంటే, ఇచ్చి వచ్చానంది. నాలుగు తిట్టి అన్నం పెట్టాను.

శుక్రవారం గుడ్ ఫ్రైడే. చర్చిలో ప్రార్థన ముగిశాక, సాయంత్రం నాలుగింటికి గ్లోరీ అనే అమ్మాయి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని మా బండి దగ్గరికి వచ్చింది. పాటల బృందంలో అందరికంటే చిన్నది, మాట కూడా కొంచెం చురుకు. చీరలు ఇంకా టీచర్ ఇంటికి రాలేదంది. బుధవారమే ఇచ్చాం కదా అన్నాను. ఇస్తే మా దగ్గర ఉండాలె కదా అంది. మాట మాట పెరిగి పది మంది పోగయ్యారు. ఎవరో సిద్దార్థ సారు ప్యాంట్ల సంగతి తీశారు. ఇంకెవరో పిల్ల గౌన్ల సంగతి తీశారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ముసలామె బట్టలు మాయం చేసి ఎక్కడో అమ్ముతోందని ఒకరంటే, ఎన్నాళ్ల నుంచో అని ఇంకొకరు. కాలనీ అధ్యక్షుడు వచ్చి, ఆదివారం లోపల చీరలు రాకపోతే బండి ఆ మూల మీది నుంచి తీసేయాలన్నాడు. మాకు కాగితం లేదు, కిరాయి చీటీ లేదు. ఆ మూల మీద మేం నిలబడింది అత్తమ్మ పేరు మీదనే. పేరు పోతే మూల పోతుంది, మూల పోతే మా పొయ్యి ఆరిపోతుంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. అయినా చెప్పాలి. లోపలికి పోయి అత్తమ్మ రేకుపెట్టెను ఈడ్చుకొచ్చి, అందరి ముందు నడివీధిలో బోర్లించాను. మా ఇంట్లో దొంగసొత్తు లేదని చూపించాలన్నది నా ఉద్దేశం. చూసేవాళ్లకు మాత్రం, సొంత కోడలే ఆమెను అనుమానిస్తోందనిపించింది. అందులో ఆమె చీరలు మూడు, మామ చొక్కా ఒకటి, నా పెండ్లినాటి పసుపు గుడ్డ ఒకటి ఉన్నాయి. ఇంకేం లేవు. ఆమె కింద కూర్చుని ఆ చొక్కాను తీసి, దుమ్ము దులిపి, మడత పెట్టడం మొదలుపెట్టింది.

“చీరలు ఏం చేసినవ్? అమ్ముకున్నవా?” అని అరిచాను.

“ఇచ్చిన బిడ్డా,” అంది. “కంపౌండర్ సారు ఇంట్ల ఇచ్చిన.”

“ఏ కంపౌండర్? దొంగ మాటలు చెప్పకు.”

ఆ దొంగ అనే ముక్క నా నోట్లో నుంచే వచ్చింది. గ్లోరీ కూడా ఆ మాట అనలేదు. ఆమె తల దించుకుని, ఇక పోదాం పదండని తన వాళ్లతో అంది.

రాత్రి మా ఆయనకు ఫోన్ చేశాను. బిచ్కుంద వైపు యాసంగి కోతల్లో ఉన్నాడు. మీ అమ్మ మనల్ని బజార్ల పెట్టిందని పావుగంట తిట్టాను. కంపౌండర్ అన్న ఒక్క మాట ఆయన చెవిన వేసి ఉంటే అప్పుడే తేలిపోయేది. తిట్టడానికే టైం సరిపోయింది, ఆ మాట చెప్పనే లేదు.

శనివారం ఇంకా ఎండెక్కకముందే రూత్ టీచర్ వచ్చింది. రాత్రి గ్లోరీ చెప్పిందట. నేను కాళ్ల మీద పడబోయాను. ఆమె నన్ను పట్టించుకోకుండా పోయి అత్తమ్మ పక్కన మంచం మీద కూర్చుంది. శాంతవ్వ ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పమంది.

“ఏమంటది టీచర్, కంపౌండర్ సారు ఇంట్ల ఇచ్చిన అంటది. మన కాలనీల కంపౌండర్ ఎవరున్నరు? అబద్ధమాడుడు సుత చేతకాదు ఆమెకు.”

 టీచర్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“మా బాపు,” అంది. “ఎల్లారెడ్డి దవాఖాన్ల కంపౌండరు. ప్రభుదాసు అంటే ఇప్పటికీ చెప్తరు. నా బడి బట్టలు శాంతవ్వనే ఇస్త్రీ చేసేది మహేశ్వరీ. నన్ను టీచరమ్మ అని పిలుస్తది గాని, ఆమెకు నేను గా ఇంటి పిల్లనే.”

 అత్తమ్మ అబద్ధం చెప్పలేదు. టీచరమ్మకు ఇస్తానంది, టీచరమ్మ ఇంట్లోనే ఇచ్చింది. ఆ ఇల్లు ముప్పై ఐదేళ్ల కిందటిది, అంతే తేడా. ఆ వెంటనే సిద్దార్థ సారు ప్యాంట్లు గుర్తొచ్చాయి. ఆయన ఇప్పుడున్న ఇంటికి రాకముందు మూడేళ్లు ఆ వెనక వీధి ఇంట్లోనే కిరాయికున్నాడు. పిల్ల గౌన్లు వేలాడిన ఇంట్లో ఆ పిల్ల తల్లి తన చిన్నప్పుడు ఉండేదట. ఒక్క బట్ట కూడా ఊరికే తప్పలేదు. అన్నీ పాత ఇండ్లకు పోయాయి.

ముగ్గురం ఎల్లారెడ్డి బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. అత్తమ్మ కార్డు ఎప్పుడూ నడుముకు దోపుకునే గుడ్డసంచిలో ఉంటుంది. బుధవారం కూడా ఆమె అలాగే పోయి ఉంటుంది.  చీరలు అక్కడ ఉంటాయో లేదో, ఎవరో ఒకరు పట్టుకుపోయి ఉంటే ఏం చేయాలో అని లింగంపేట దాటేవరకు ఆరు చీరల ఖరీదు వేళ్ల మీద లెక్కేసుకున్నాను. అత్తమ్మ మాత్రం కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తూ ఉంది.

ఎల్లారెడ్డిలో దిగాక నేను దారి అడుగుదామనుకునేలోగా ఆమె ముందు నడవడం మొదలుపెట్టింది. కామారెడ్డిలో మూడు గేట్ల అవతలి ఇల్లు మరిచిన మనిషి, అక్కడ సందులు, మలుపులు దాటి చకచకా పోతుంటే మేమిద్దరం వెనకబడ్డాం. పాత క్వార్టర్ల వరసలో మూడో తలుపు ముందు ఆగి, గొంతెత్తి, బట్టలు అని కేక వేసింది. అది ఎన్నేళ్ల నాటి కేకో.

తలుపు తీసిన అమ్మాయికి ముప్పై ఏళ్లు ఉండవు. పేరు తుల్సి. అక్కడి దవాఖానలో నర్సు, దగ్గరలోని తండా నుంచి వచ్చింది. అత్తమ్మను చూడగానే నవ్వి, వచ్చినవా అవ్వా అని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గోడకున్న అల్మారాలో, పాత న్యూస్ పేపరు పరిచి, దాని మీద మూట ఉంది. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. నేను అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. అత్తమ్మ నా వైపు చూసి, ఈ పిల్లకు ఏమైందని టీచర్‌ను అడిగింది.

తుల్సి మంచినీళ్లిచ్చి జరిగింది చెప్పింది. బుధవారం మధ్యాహ్నం ముసలామె వచ్చి, సారు ఉన్నడా అని అడిగి, మూట చేతిలో పెట్టిందట. ఏ సారంటే కంపౌండర్ సారంది. ఈ అమ్మాయి వచ్చి రెండేళ్లే అయింది, ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఇంకొకరైతే ఇక్కడెవరూ లేరు పొమ్మని తలుపేసేవాళ్లు. ఈమె కాదనలేదు. కూర్చోబెట్టి, చాయ్ పోసి, నెమ్మదిగా ఒక్కొక్కటి అడిగింది. ఊరేదంటే ఇదే ఊరంది. ఇంటాయన ఎక్కడంటే చెరువు దగ్గర బట్టలు ఆరేస్తున్నాడంది. కార్డు మీద కామారెడ్డి అని చూసి, సాయంత్రం బస్సెక్కించి, కాలనీ దగ్గర దింపమని కండక్టరుకు అప్పజెప్పింది. కార్డు మీద ఫోన్ నంబర్ లేదు కాబట్టి, తన నంబరు చీటీ మీద రాసి ఆమె గుడ్డసంచిలో పెట్టిందట.

“చీటీ సూడలేదా అక్కా?” అంది.

చూడలేదు. పెట్టె బోర్లించాను గానీ ఆమె నడుము దగ్గరి సంచిలో చేయి పెట్టి చూడాలని తోచలేదు. అప్పుడు తీసి చూస్తే, ఆధార్ కార్డు వెనక, నాలుగు మడతలు పెట్టి, నీలం ఇంకుతో పది అంకెలు ఉన్నాయి.

తుల్సి నా పక్కన గడప మీదనే కూర్చుంది. ఇట్లా ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగింది. రెండేళ్లన్నాను. రెండేళ్లలో ఒక్కసారైనా డాక్టరుకు చూపించారా అంటే, తాయెత్తు కట్టించామని చెప్పాల్సి వచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

“గిది జబ్బు అక్కా. పిచ్చి గాదు, గాలి గాదు, వయసైతె అందరికీ వచ్చేది సుత గాదు. డిమెన్షియా అంటరు. మెదడు తగ్గుకుంట పోతది. కొత్తయి ముందు పోతయి, పాతయి ఆఖరికి పోతయి. ఆమె తప్పు చేస్తలేదు. ఆమెకు ఎరుకున్న ఇంటికి ఆమె పోతున్నది. ఆమె ఏమన్నా కాదనొద్దు.”

తర్వాత వాళ్ల తాత గురించి చెప్పింది. పేరు లక్పతి. చేను నుంచి ఇంటికి దారి మరిచేవాడట. తండాలో దయ్యం పట్టిందన్నారు. వేపమండలతో కొట్టారు, మంచానికి కట్టేశారు. ఏడాది తిరక్కుండా పోయాడు.

“నేను ఏడో తరగతిల ఉన్న. నా పేరు మరిచిండని నాకు కోపం. గా ఏడాది ఒక్కసారి సుత ఆయన పక్కన కూసోలె,” అంది. “నర్సు చదువుల గీ పాఠం వచ్చిన రోజు హాస్టల్ల అన్నం తినలే.”

ఆ అమ్మాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. చీరలు దాచినందుకు మాత్రమే కాదు. ఆమె తాతకు చేయలేకపోయింది మా అత్తమ్మకు చేసింది. ఒక చాయ్ పోసి, నాలుగు మాటలు అడిగి, బస్సెక్కించింది. ఆ రోజు ఆమె తలుపేసి ఉంటే అత్తమ్మ ఆ క్వార్టర్ల చుట్టూ తిరిగి తిరిగి ఏ రోడ్డు పక్కన పడిపోయేదో.

తిరుగు బస్సులో అత్తమ్మ పక్కన కూర్చున్నాను. నిన్న నీ పెట్టె నడివీధిలో బోర్లించిన, దొంగ అన్న, తప్పయింది అత్తమ్మా అన్నాను. ఏ పెట్టె అని అడిగింది. నేను మళ్లీ చెప్పాను. ఆమె నా చేయి తీసుకుని, ఇస్త్రీ పెట్టె తగిలి కాలిన పాత మచ్చ చూసి, పసుపు రాయమంది. ఆమెకు గుర్తు లేదు కాబట్టి క్షమించడానికీ ఏమీ లేదు. గుర్తున్న నాకే ఆ బరువు మిగిలింది. మిగిలితే మంచిదే అనిపించింది.

ఆదివారం తెల్లవారుజామున ఆరుగురూ తెల్లచీరలు కట్టి పాడారు. నన్ను, అత్తమ్మను టీచర్ వెంట తీసుకుపోయింది. మేం చర్చికి పోయేవాళ్లం కాదు గానీ, ఆ రోజు పిలిస్తే కాదనలేదు. ఆరాధన అయ్యాక టీచర్ నా దగ్గరికి వచ్చి, శాంతవ్వ సంగతి అందరికీ చెప్పనా, నీకు ఇష్టం లేకపోతే చెప్పనని అడిగింది. రెండేళ్లు దాచి ఏం బావుకున్నాను? చెప్పమన్నాను. ఆమె చీరల కథ దాచకుండా చెప్పింది, జబ్బు పేరు చెప్పింది, ఇంట్లో ఇట్లాంటివాళ్లు ఉంటే గదిలో పెట్టి తలుపేయొద్దంది. గ్లోరీ లేచి వచ్చి అత్తమ్మ చేతులు పట్టుకుని తప్పయిందంది. అత్తమ్మ ఆ పిల్ల చీర అంచు పట్టి చూసి, ఇస్త్రీ మంచిగ చేసిండ్రు, ఎవలు చేసిండ్రని అడిగింది. నువ్వే అవ్వా అని గ్లోరీ చెబితే, అవునా అని సంబరపడింది.

మిగతా చెప్పే పని నేనే చేశాను. సోమవారం పొద్దున బండి బొగ్గులు రాజేయకుండా, అత్తమ్మను వెంటబెట్టుకుని కాలనీలో ఎనభై ఇండ్లు తిరిగాను. మా అత్తమ్మకు ఈ జబ్బు ఉంది, పెద్ద డాక్టరుకు చూపించబోతున్నాం, మీ బట్టలు మీ పాత ఇంటికి పోవచ్చు, ఆమె ఎక్కడైనా ఒంటరిగా కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండని ప్రతి గేటు దగ్గరా చెప్పాను. నాలుగిండ్ల వాళ్లు ఆ రోజు నుంచి బట్టలు ఇవ్వడం మానేశారు. వాళ్ల మీద కోపం లేదని చెబితే అబద్ధం, కోపం ఉంది. కానీ డెబ్బై ఆరు ఇండ్ల వాళ్లు మానలేదు. సిద్దార్థ సారు తన వెనక వీధి పాత ఇంటికి పోయి, మావి ఏమైనా వస్తే తీసి పెట్టండని తానే చెప్పి వచ్చాడు. ఇప్పుడు మా కాలనీలో ఎవరైనా ఇల్లు మారితే, పాత ఇంటికి వచ్చే కొత్తవాళ్లకు కరెంటు మీటరు, నీళ్ల టైము చెప్పినట్టే శాంతవ్వ సంగతి కూడా చెబుతారు.

బండి తీసేయమన్న అధ్యక్షుడు రెండు రోజులు మొహం చాటేశాడు. మూడో రోజు ఎవరూ లేనప్పుడు వచ్చి, ఇస్త్రీకి ఒక్క చొక్కా ఇచ్చి, నిలబడ్డాడు. ఆ చొక్కా ముందే ఇస్త్రీ చేసి ఉంది.

“మాచారెడ్డిల మా అక్క ఉన్నది,” అన్నాడు. “రెండేండ్ల సంది బయటికి తెస్తలేరు. గా డాక్టర్ దగ్గరికి మీరెప్పుడు పోతున్నరు?”

నా నోటికి చాలా మాటలు వచ్చాయి. అన్నీ మింగేసి, గురువారమన్నాను. మా ఆయన కోతల నుంచి వచ్చి ఆటో మాట్లాడాడు. అదే ఆటోలో వాళ్లక్కను కూడా తీసుకుపోయాం. రక్తపరీక్షలు చేశారు, తల స్కాన్ తీశారు. పోయింది తిరిగి రాదని, మందులతో, ఒక పద్ధతైన రోజువారీ పనితో కొంత నెమ్మదించవచ్చని డాక్టరు చెప్పాడు. ఒక్కరే చూసుకుంటే చూసుకునేవాళ్లు కూడా జబ్బు పడతారు, పని పంచుకోండని నా వైపు చూసి అన్నాడు. అంతవరకు ఏ డాక్టరూ నా గురించి అడగలేదు.

పంచుకునేవాళ్లు దొరికారు. మధ్యాహ్నం రెండు గంటలు రామవ్వ కూర్చుంటుంది, తాయెత్తుల మాట ఎత్తకూడదన్న ఒప్పందం మీద. శనివారాలు గ్లోరీ వచ్చి పాటలు పాడి వినిపిస్తుంది. తుల్సి నెలకోసారి కామారెడ్డి వచ్చినప్పుడు బీపీ చూసి పోతుంది. నిప్పుతో పని కాబట్టి ఇస్త్రీ పెట్టె అత్తమ్మ చేతికి ఇవ్వడం లేదు. మడతలు మాత్రం ఆమెవే. నేను ఇప్పుడు ప్రతి బట్టకు చీటీ గుచ్చుతున్నాను, ఆమె పీకినా మళ్లీ గుచ్చుతున్నాను.

ఇవన్నీ జరిగి ఏడాది దాటింది. ఈ మధ్య ఆమెకు నా మొహం కూడా జారిపోతోంది. పొద్దున గుర్తుపడుతుంది, సాయంత్రానికి నేనెవరో కొత్తమనిషిని.

మొన్న సాయంత్రం బండి మీద మా ఇంటి బట్టలు మడత పెడుతోంది. అందులో నా ఆకుపచ్చ చీర ఉంది. పండగకు అమ్మగారింటికి కట్టుకుపోదామని తీసుకోబోయాను. ఆమె చటుక్కున దాన్ని ఒళ్లోకి లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టింది.

“గిది నీకు ఇయ్య,” అంది. “మా మహేశ్వరిది.”

నేనే మహేశ్వరినని చెప్పబోయాను. తుల్సి మాట గుర్తొచ్చింది, కాదనొద్దని. ఆమెవరవ్వా అని అడిగాను.

“మా కోడలు. బీబీపేట పిల్ల. కోపమెక్కువ దానికి, నోరు సుత జరంత పెద్దదే. గాని నన్ను గదే సూస్తది. దాని చీర ఇంకొకలకు ఇస్తె నేను దానికి ఏం మొహం సూపెట్టాలె?”

నేను కాసేపు బొగ్గుల వైపు తిరిగి నిలబడ్డాను. తర్వాత, సరే అవ్వా, ఆమె వచ్చినంక ఆమెకే ఇయ్యి అన్నాను. ఆమె కొంచెం జరిగి, బల్ల మీద నాకు చోటిచ్చింది. మహేశ్వరి వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.